ఈ పరిశోధనకు ఆ పేరేమిటండీ!

మొవ్వ గోపాలుణ్ణి ఒక పుస్తకం అట్ట మీద ‘కస్టమర్’ అన్నారండీ. అన్నవాళ్లు ఆకతాయిలు కారు. ఏ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్. 1994లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రెస్ వేసిన ఆ పుస్తకం పేరు ‘వెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్’. క్షేత్రయ్య పదాలూ, ఆ బాణీలోనే మరికొందరివీ ఇంగ్లీషులో పెట్టి, ముందు ఒక పెద్ద పరిశోధన వ్యాసం చేర్చారు. క్షేత్రయ్య మా మొవ్వవాడే అని చెప్పుకునే కృష్ణా జిల్లా వాళ్లకి ఆ అట్ట చూడగానే ముందు నవ్వొస్తుంది. వెనకాలే కాస్త కోపమూ వస్తుంది, గుళ్లో ఉన్న స్వామిని పట్టుకుని ఇదేం మాటా అని.

లోపలికి వెళ్తే ఆ కోపం నిలవదు. ఆ పదాల్లో మాట్లాడేది చాలాచోట్ల వేశ్య. ఆవిడ దగ్గరికి వచ్చేవాడు సాక్షాత్తూ దేవుడే. అయితే మాత్రం? డబ్బు తేవాలి, అన్నమాట మీద నిలబడాలి, ఇంకో ఇంటికి పోయొచ్చి బొంకకూడదు. భక్తుడు దాసుడై దేవుడి వాకిట్లో పడిగాపులు కాసే పాటలు మనకి బోలెడున్నాయి. ఇక్కడ వాకిలి ఆవిడది, పడిగాపులు ఆయనవి. తలుపు తియ్యడమూ మానడమూ ఆవిడ ఇష్టం. నాయకరాజుల కాలంలో డబ్బుకి పెరిగిన పెత్తనం దేవుడికీ మనిషికీ మధ్య ఉన్న లెక్కని కూడా మార్చేసిందని ఆ వ్యాసం చెబుతుంది. చెప్పదలచుకున్నదంతా అట్ట మీదే ఉంది. దానికి ‘క్షేత్రయ్య పదాలలో మధురభక్తి: ఒక పరిశీలన’ అని పేరు పెట్టినా పుస్తకానికి వచ్చిన లోటేమీ లేదు. కాకపోతే సగంమంది దాన్ని బీరువాలోంచి తీసి ఉండేవారు కాదు.

పరిశోధనకి నవ్వొచ్చే పేరు పెట్టడం వేళాకోళమని చాలామంది పెద్దల అభిప్రాయం. నాది కాదు. నవ్వించే పేరులో నిజమైన ప్రశ్న ఒకటి ఉంటే అంతకన్నా మంచి పేరు ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. ఇవాళ మన కబుర్లు దాని గురించే. ముందు మన చుట్టుపక్కల నుంచే మొదలెడదాం.

పేర్లు పెట్టడంలో నారాయణరావుగారిది అందెవేసిన చెయ్యి. మన ఆడవాళ్లు పాడుకునే రామాయణం పాటల మీద 1991లో ఆయన రాసిన వ్యాసం పేరు ‘ఎ రామాయణ ఆఫ్ దెయిర్ ఓన్’. ఆడదానికి రాసుకోవడానికి తనదంటూ ఒక గది ఉండాలని 1929లో వర్జీనియా వుల్ఫ్ రాసిన పుస్తకం పేరుని గుర్తుచేసే పేరు. మన ఆడవాళ్లు గది అడగలేదు, ఏకంగా రామాయణాన్నే తమ ఇంట్లోకి తెచ్చుకున్నారు. ఆ పాటల్లో యుద్ధం సంగతి ఎవరికీ పెద్దగా పట్టదు. పురుళ్లు, పెళ్లిళ్లు, అలకలు, అత్తా ఆడబిడ్డల మాటలు. రాముడి అక్క శాంత కూడా వచ్చి తమ్ముణ్ణి నిలదీస్తుంది.

ఆ పాటల్లో ‘లక్ష్మణదేవర నవ్వు’ అని ఒకటుంది. వనవాసంలో నిద్రాదేవి వచ్చి పైన పడితే లక్ష్మణుడు ఆవిణ్ణి బతిమాలుకుంటాడు: పద్నాలుగేళ్లు నన్నొదిలెయ్, వెళ్లి ఊర్మిళ దగ్గర ఉండు, అని. గడువు తీరేసరికి పట్టాభిషేకం జరుగుతోంది. నిండు సభలో నిద్ర మళ్లీ వచ్చి నిలబడింది. ఎంత కచ్చితంగా వచ్చావమ్మా అని లక్ష్మణుడికి నవ్వొచ్చింది. నవ్వింది ఒక్క క్షణమే, సభంతా తలకిందులైంది. శివుడు మొదలుకుని సుగ్రీవుడి దాకా ఎవరికి వాళ్లే తమ గుట్టు చూసి నవ్వాడనుకుని సిగ్గుపడ్డారు. రాముడికైతే కోపం కట్టలు తెంచుకుంది. ఒక్క నవ్వుతో సభలో ఉన్న ప్రతివాడి లోపలి సంగతీ బయటపెట్టిన ఆ పాట కట్టిన తల్లెవరో కానీ, నవ్వుకి ఎంత పనుందో ఆవిడకి బాగా తెలుసు.

అదే చేత్తో నారాయణరావుగారు 2004లో ఇంకో వ్యాసానికి ‘సీత ఎప్పుడు సీత కాకుండా పోతుంది?’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. కథ ఎంతవరకు మార్చొచ్చు, ఎక్కడ దాటితే జనం ఇది రామాయణం కాదు పొమ్మంటారు అన్నది అందులో సంగతి. ఆ ప్రశ్నని అలా సూటిగా అడగడానికి ధైర్యం కావాలి.

ఇలాంటి పేర్లు పెట్టడం అమెరికా వెళ్లి నేర్చుకున్న విద్య అనుకునేరు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాణ్ణి వెక్కిరించే సామెత మనదే కదా. ఆరుద్ర ఆ వెర్రి ప్రశ్ననే తీసుకుని ‘రాముడికి సీత ఏమవుతుంది?’ అని పుస్తకానికి పేరు పెట్టాడు. తీరా చూస్తే ఆ ప్రశ్న అంత వెర్రిదేం కాదు. దశరథ జాతకంలో సీత రాముడి చెల్లెలు. గుణభద్రుడి జైన ఉత్తరపురాణంలో ఆవిడ రావణుడి కూతురు. వెక్కిరింపుగా వాడే మాట వెనకాల ఇంత లోతైన విషయం ఉందని ఒక్క పేరుతో చెప్పగలిగాడు.

విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో పాఠాలు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణగారి విమర్శ గ్రంథాల పేర్లు ఒకసారి పైకి చదవండి: ‘అల్లసానివాని అల్లిక జిగిబిగి’, ‘ఒకడు నాచన సోమన’. విమర్శ అంటే ముఖం ముడుచుకుని చెయ్యాల్సిన పని కాదని ఆ పేర్లే చెబుతాయి. నవలల సంగతి సరేసరి. ‘హాహా హూహూ’, ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’, ‘దిండు క్రింద పోకచెక్క’. అంతటి పండితుడికి పాండిత్యం తగ్గిపోతుందేమోనన్న భయం లేకపోయింది. మరి ఇవాళ మన పరిశోధక విద్యార్థులకి ఎందుకుండాలి?

విజయవాడ జంక్షన్‌కి వద్దాం. ప్యాసింజరు బోగీలో కిటికీ పైన ఎర్రరంగు గొలుసు, దాని కింద బండి ఆపాలంటే లాగమని రాసిన నోటీసు అందరం చూసినదే. తెలుగు భాషోద్యమం మీద ఏళ్ల తరబడి పనిచేసిన లీసా మిచెల్ 2011లో రాసిన వ్యాసానికి ఆ నోటీసునే పేరుగా పెట్టింది: ‘టు స్టాప్ ట్రెయిన్ పుల్ చైన్’. ఆపదలో లాగమని పెట్టిన గొలుసు జనం సర్కారుతో మాట్లాడే సాధనం ఎలా అయింది? పట్టాల మీద కూర్చుంటే ఢిల్లీకి వినపడుతుందన్న సంగతి మనవాళ్లకి ఎప్పటి నుంచి తెలుసు? బ్రిటిషు వాళ్ల కాలం నుంచి ఆ చరిత్ర తవ్వుకుంటూ వచ్చింది. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారు పోయినప్పుడు కోస్తా పొడుగునా రైల్వేస్టేషన్లలో ఏం జరిగిందో ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్నవాళ్లు ఆ వ్యాసాన్ని చదవకుండా ఉండలేరు. రోజూ కళ్లెదుట వేలాడుతున్నదాన్నే పేరుగా పెట్టడంలో ఆ బలం ఉంది.

సినిమా హాళ్లున్న గాంధీనగర్ మీదుగా వెళ్తూ ఇంకో పేరు. మన అభిమాన సంఘాల మీద లోతుగా పనిచేసిన ఎస్.వి. శ్రీనివాస్ ఒక వ్యాసానికి ‘ఈజ్ దేర్ ఎ పబ్లిక్ ఇన్ ద సినిమా హాల్?’ అని పేరు పెట్టారు. మొదటి రోజు మొదటి ఆటకి చొక్కా చింపుకుని టిక్కెట్టు తెచ్చుకున్నవాడికి ఆ ప్రశ్న విచిత్రంగా ఉంటుంది. హాలు నిండా జనమే కదా! కానీ గుమిగూడిన జనం వేరు, హక్కులూ గొంతూ ఉన్న ప్రజ వేరు. హాల్లో ఈలవేసేవాడు ఈ రెంటిలో ఎవరన్నదే ఆయన అడిగింది.

ఇక నీళ్లు. కంకిపాడులో పుట్టి, విజయవాడ నుంచి మూడుసార్లు లోక్‌సభకి వెళ్లి, కేంద్రంలో నీటిపారుదల చూసిన ఇంజనీరు డాక్టర్ కె.ఎల్. రావు. పులిచింతల ప్రాజెక్టుకి ఆయన పేరే పెట్టారు. ఆయన ఆత్మకథ పేరు ‘ద క్యూసెక్స్ క్యాండిడేట్’. క్యూసెక్కులేమిటి, క్యాండిడేటేమిటి అని ఇంకో ఊళ్లో అడుగుతారేమో. బెజవాడలో ఎవరూ అడగరు. సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లంటే ఎంతో ఇక్కడ కిళ్లీకొట్టు దగ్గర కూడా చెబుతారు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఊరంతా ఆ అంకెనే గంటగంటకీ చెప్పుకుంది. తన జీవితాన్ని నీటి కొలతలో చెప్పుకున్న మనిషికి ఓటేసిన ఊరు ఇది.

అదే కృష్ణానది మీద నవ్వు రాని వింత పేరు కూడా ఒకటుంది. 2007లో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ వేసిన నివేదిక ‘క్లోజింగ్ ఆఫ్ ద కృష్ణా బేసిన్’. నది మూతబడడం ఏమిటి, దుకాణమా అనిపిస్తుంది. ఉన్న నీళ్లన్నీ పైనే ఎవరో ఒకరి వాటాలోకి వెళ్లిపోయి, మామూలు ఏడాదిలో సముద్రానికి మిగిలేది అడుగంటిపోతే దాన్ని మూతబడ్డ నది అంటారు. దివిసీమలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడిన రైతుకి ఆ పేరు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మన నదికే ఉపనది అయిన తుంగభద్ర ఎడమ కాలువ మీద పీటర్ మోలింగా రాసిన గ్రంథం పేరు ‘ఆన్ ద వాటర్‌ఫ్రంట్’. 1954లో మార్లన్ బ్రాండో వేసిన సినిమా పేరు అది. కాలువ గట్టున నీళ్ల కోసం జరిగేదాంట్లోనూ హీరోలూ విలన్లూ తక్కువేం కాదు మరి.

కాలువల మాట వచ్చింది కాబట్టి ప్రపంచం మొత్తంలో నాకు బాగా నచ్చిన పేరు ఒకటి చెప్పాలి. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది: ‘మాయమవుతున్న టీ చెంచాల ఉదంతం’. మెల్‌బోర్న్‌లో ఒక పరిశోధన సంస్థలో టీ గదుల్లో చెంచాలు ఉండడం లేదని అక్కడి వాళ్లే 70 చెంచాలకి గుర్తుపెట్టి వదిలారు. అయిదు నెలల్లో 56 మాయం. అంతటితో ఆగితే అది సరదా వ్యాసమే. వాళ్లు ఇంకోటి కూడా చూశారు. ఒక్కొక్క విభాగం వాళ్లు మాత్రమే వాడుకునే గదుల్లో చెంచాలు నెమ్మదిగా పోతే, అందరూ వచ్చిపోయే గదిలో దాదాపు రెట్టింపు వేగంతో పోయాయి. మన కాలువ చివరి రైతు సంగతీ ఇదే కదండీ. పైనున్న ప్రతివాడూ నాకొక్క తడే కదా అని తూము ఎత్తుతాడు, శివారు భూమికి వచ్చేసరికి కాలువలో మట్టే మిగులుతుంది. అందరి సొత్తు ఎలా కరిగిపోతుందన్న పెద్ద ప్రశ్నని వాళ్లు చెంచాతో కొలిచారు.

ఇలాంటి వాటికోసమే 1991లో అమెరికాలో ఇగ్ నోబెల్ అని బహుమతులు మొదలుపెట్టారు. ముందు నవ్వించాలి, తర్వాత ఆలోచింపజెయ్యాలి అన్నదే వాళ్ల నియమం. మన దక్షిణాదికీ వచ్చాయి. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో శ్రీకుమార్, నిర్మలన్ ఏనుగు ఒంటి చర్మం మొత్తం వైశాల్యం ఎంతో లెక్కకట్టే సూత్రం కనిపెట్టారు. ఎత్తూ, ముందుకాలి పాదం చుట్టుకొలతా తెలిస్తే చాలు. 1990లో రాసిన వ్యాసానికి 2002లో బహుమతి వచ్చింది. ఏనుగు మీద గుడ్డ కప్పి కొలవలేం కదా, మరి పశువైద్యుడికి ఆ అంకె ఎలా దొరుకుతుంది? అడగాల్సిన ప్రశ్నే. 2001లో బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు ఆండ్రాడే, శ్రీహరి అందుకున్నారు. వాళ్లది తిరగేసిన కథ. వ్యాసం పేరులో ‘రైనోటిలెక్సోమేనియా’ అని నోరు తిరగని రోగం ఉంది. తీరా అది బడిపిల్లలు ముక్కులో వేలు పెట్టుకునే అలవాటు! 200 మందిని అడిగితే దాదాపు అందరూ ఒప్పుకున్నారు. ఆ పేరు అంత బరువుగా లేకపోతే పిల్లల తల్లులు కూడా చదివేవాళ్లు.

గణితం వాళ్లు ఇంకా ఘటికులు. 1966లో మార్క్ కాట్స్ ‘డోలు ఆకారం చెవితో వినగలమా?’ అని వ్యాసం రాశాడు. కనపడని డోలు మోగుతుంటే ఆ స్వరాలన్నీ విని దాని ఆకారం చెప్పగలమా అని. పాతికేళ్లకు పైగా బుర్రలు బద్దలు కొట్టుకున్నాక 1992లో ముగ్గురు జవాబు తెచ్చారు. రెండు వేరువేరు ఆకారాల డోళ్లు అచ్చం ఒకేలా మోగొచ్చని రుజువు చేసి, తమ వ్యాసానికి ‘డోలు ఆకారం చెవితో వినలేం’ అని పేరు పెట్టారు. ప్రశ్న ఒక పేరు, జవాబు ఇంకో పేరు. గణితం రానివాడికి కూడా కథ అర్థమైపోయింది.

ఇంతా విన్నాక మీలో ఎవరో అంటారు, పేరు సాదాగా ఉంటే పని పోతుందా అని. పోదు, నిజమే. నూజివీడులోనూ నందిగామలోనూ చదువుకున్న సి.ఆర్. రావుగారు 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తాలో అచ్చువేసిన వ్యాసం పేరుని తెలుగులో చెప్పాలంటే ‘గణాంక పరామితుల అంచనాలో సమాచారమూ, సాధించగల కచ్చితత్వమూ’. అందులో చమత్కారం చుక్కయినా లేదు. ఆ వ్యాసం గణాంకశాస్త్రం దారినే మార్చింది. దాన్ని తలుచుకునే 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఇచ్చారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో ఫిస్కేతో కలిసి రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి వ్యాసం పేరూ అంతే పొడిగా ఉంటుంది. ప్రయోగశాలల్లో తరతరాలు దాన్ని వాడుకున్నాయి. అయితే ఒకటి చూడండి. అవి తోటి శాస్త్రజ్ఞులకి రాసినవి. అదే రావుగారు మామూలు చదువరుల వైపు తిరిగినప్పుడు పుస్తకానికి ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్: పుటింగ్ ఛాన్స్ టు వర్క్’ అని పెట్టుకున్నారు. అదృష్టం చేత పనిచేయించుకోవడం! ఎవరిని పిలుస్తున్నామో చూసుకుని పిలవడం ఆయనకి తెలుసు.

నవ్వించే పేర్ల మీద కూడా పరిశోధన జరిగిందండోయ్. 2008లో ఇజ్రాయెల్‌లో సాగీ, యెఖియామ్ అనే ఇద్దరు రెండు పెద్ద మనస్తత్వశాస్త్ర పత్రికల పదేళ్ల వ్యాసాలు ముందేసుకుని చూశారు. మరీ నవ్వించే పేర్లున్న వ్యాసాలని తోటివాళ్లు తక్కువగా ఉదహరించారని తేలింది. పెద్దలు సంబరపడ్డారు. తర్వాత కెనడాలో స్టీఫెన్ హెర్డ్ బృందం జీవావరణ శాస్త్రం వ్యాసాలు తీసుకుని ఇంకాస్త తవ్వింది. రాసినవాళ్లే తమ చిన్నాచితకా వ్యాసాలకి సరదా పేర్లు పెట్టుకుంటున్నారట! ఆ తేడా సర్ది చూస్తే సరదా పేర్లకే ఉదహరింపులు ఎక్కువ. అంటే లోపం నవ్వులో లేదు. మంచి పనికి నవ్వించే పేరు పెట్టడానికి మనం జంకుతున్నాం, అంతే.

ఆ జంకు మన దగ్గర ఇంకా ఎక్కువ. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో సిద్ధాంత గ్రంథాల వరసల ముందు నిలబడి చూడండి. ‘ఒక పరిశీలన’, ‘సమగ్ర పరిశీలన’, ‘విమర్శనాత్మక అధ్యయనం’, ‘తులనాత్మక వివేచన’. వాటి వెనకాల ఎంత కష్టం ఉంటుందో నాకు తెలుసు. అయిదేళ్లు ఊరూరూ తిరిగి ముసలమ్మల దగ్గర పాటలు రాసుకొచ్చిన పిల్ల ఉంటుంది. పూత రంగుల మధ్య కూర్చుని చేతులు కాయలు కాచిన కళాకారులతో మాట్లాడిన కుర్రాడు ఉంటాడు. అంత చేసి, పేరు దగ్గరికి వచ్చేసరికి భయం. గైడుగారు ఏమంటారో, ఎగ్జామినర్ ఏమనుకుంటారో. చివరికి ఆ పిల్లకి మొదట్లో నిద్రపట్టనివ్వని ప్రశ్న అట్ట మీదకి రాకుండానే బైండింగ్ అయిపోతుంది.

మన డెల్టాలో ప్రశ్నలకేం కరువు? పెడన కలంకారీలో నలుపు రంగు తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో పులియబెట్టి తీస్తారు. ‘బెల్లమూ తుప్పూ కలిస్తే నలుపెలా అవుతుంది?’ కెమిస్ట్రీ విద్యార్థికి ఇంతకన్నా మంచి పేరు దొరుకుతుందా? కొండపల్లి బొమ్మకి తెల్లపొణికి కర్రతో చేసిన చేతులూ కాళ్లూ రంపపు పొట్టూ చింతగింజల జిగురూ కలిపిన మక్కుతో అతుకుతారు. ‘దశావతారాల చేతులు ఊడిపోకుండా చింతగింజ ఎంతకాలం పట్టుకుంటుంది?’ కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడకి ఉన్న ప్రతాపం అందరికీ తెలుసు. ‘సత్యభామ జడ ఎవరికి సవాలు?’ కృష్ణా అభయారణ్యం మడ అడవుల్లో నీళ్లలోకి దూకి చేపలు పట్టే బావురుపిల్లి ఉంది. చుట్టూ రొయ్యల చెరువులు పెరిగాయి. ‘పక్కింటి చెరువు మీద బావురుపిల్లి ఏమనుకుంటోంది?’ ఒక్కొక్కటీ నవ్విస్తుంది. ఒక్కొక్కదాని కిందా నాలుగేళ్లకి సరిపడా పని ఉంది.

గైడులుగా ఉన్న పెద్దలకి నా విన్నపం ఒక్కటే. పేరు ఖాయం చేసే రోజున విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అసలు నువ్వు తెలుసుకుందామనుకున్నది ఏమిటమ్మా అని అడగండి. కాగితం చూడకుండా నోటితో చెప్పమనండి. ఆ పిల్ల ఏం చెబుతుందో అదే అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేయించండి. నియమం కోసం కావాలంటే ‘ఒక పరిశీలన’ కింద చిన్న అక్షరాల్లో ఉండనివ్వండి.